నిద్ర లేచిన కాడి నుంచి

ధనశేఖర్ గుమ్మంలో కనపడగానే ఇనాయతుల్లా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇలా చేయడం ఇది మూడోసారి.

ధనశేఖర్ తన చక్రాల కుర్చీని మంచం పక్కకు తోసుకొచ్చి బ్రేకు వేశాడు. వేలూరు తొరపాడిలో ఒక పునరావాస కేంద్రంలో అతని ఉద్యోగమే ఇది. వెన్నుపూస దెబ్బతిని ఆస్పత్రి నుంచి ఇల్లు చేరినవాళ్లను కలిసి, మళ్లీ నలుగురిలోకి వచ్చేలా వాళ్లను ఒప్పించాలి. డాక్టరు చెబితే వినని మాట కూడా అతను చెబితే వింటారు. అతనూ వాళ్లలాంటివాడే మరి. పదకొండేళ్ల కింద మోర్ధానా కాలవ పక్కన తమ పొలంలోనే కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. నడుము కింద ఏమీ తెలియదు. ఇప్పుడు పక్క చక్రాలు బిగించిన స్కూటర్ మీద, వెనక మడత కుర్చీ కట్టుకొని వారానికి రెండుసార్లు గుడియాత్తం వస్తాడు.

ఇనాయతుల్లాకు ముప్పై ఆరేళ్లు. లుంగీలు నేసే కొట్టంలో తెలుగువాళ్ల మగ్గాల మధ్య పెరిగినవాడు కాబట్టి ఇంట్లో ఉర్దూ ఎంత ధారాళంగా మాట్లాడతాడో బయట తెలుగూ అంతే. రెండేళ్ల కింద మిద్దె మీద నీళ్ల ట్యాంకు కడుగుతూ జారి కిందపడ్డాడు. కేంద్రం వాళ్లు ఇచ్చిన చక్రాల కుర్చీ ఆర్నెల్లుగా మూలన ఉంది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

“ఏమి నాయనా నీ బాధ? నొప్పి ఉంటే నొప్పి అని చెప్పు, భయం ఉంటే భయమని చెప్పు. నాతో చెప్పుకోవడానికేమి?”

“నేను యాడికీ రానన్నా. నన్నిట్లే ఇడిసిపెట్టు.”

ధనశేఖర్ తన లుంగీ అంచు మోకాలిదాకా ఎత్తాడు. పిక్కకు పట్టీలతో కట్టిన మూత్రం సంచీ బయటపడింది.

“ఇట్ల తిరిగి చూడప్పా. నాకూ ఉండాది. దీనితోనే బస్టాండు కాడ టీ తాగినాను. దీనితోనే నీ యింటికి వచ్చినాను.”

ఇనాయతుల్లా మెల్లగా ఇటు తిరిగాడు. సంచీని చాలాసేపు చూశాడు.

“దీనితో నువ్వు గుడికి పోతావా అన్నా?”

ఆ ప్రశ్న ధనశేఖర్ ఊహించలేదు. “పోతాను. ఇంతవరకు మా సామి ఏమీ అనలేదే.”

“నేను మసీదుకు పోకూడదు” అన్నాడు ఇనాయతుల్లా. “మావాళ్లలో ఒక పెద్దాయన చెప్పినాడు. మూత్రం కారతా ఉంటే వుజూ నిలవదంట. వుజూ లేంది నమాజు లేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కాడి నుంచి ఒక్క పూట కూడా నమాజు చేయలేదన్నా. కాళ్లు పోయినందుకు నేను ఏడవలేదు. దీనికి ఏడుస్తా ఉండాను.”

నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కొనే శుద్ధిని వాళ్లు వుజూ అంటారని ధనశేఖర్‌కు తెలుసు. అంతకుమించి తెలియదు. పుండ్లు పడకుండా ఎలా దొర్లాలో, మంచం మీంచి కుర్చీలోకి ఎలా దిగాలో వందమందికి నేర్పినవాడు ఈ ఒక్క సంగతి ఎవరినీ అడగలేదు. పోయిన రెండుసార్లూ ఇతని కాగితం మీద తను ఏం రాశాడో గుర్తొచ్చి సిగ్గేసింది. ‘బయటికి రావడానికి ఆసక్తి లేదు’ అని రాశాడు.

“దీని సంగతి బాగా తెలిసినవాళ్లు ఎవురుండారు ఈ ఊర్లో?”

వంటింటి గుమ్మంలోంచి ఇనాయతుల్లా భార్య తస్నీమ్ అంది. “ఆడపిల్లల మదరసాలో ఖైరున్నిసా ఆలిమా ఉండారన్నా. ఆమెకు తెలియంది లేదంటారు. నాకు పోయి అడిగే ధైర్యం లేకపాయ.”

ధనశేఖర్ ఆ పూటే మదరసాకు వెళ్లాడు. వాకిట్లో మూడు మెట్లున్నాయి. అతను కిందనే ఆగిపోవడం చూసి ఒకామె లోపలికి కబురు చెప్పింది. కాసేపటికి యాభై దాటిన ఒక స్త్రీ తన స్టూలు తనే మోసుకొచ్చి మెట్ల కింద నీడలో వేసుకొని కూర్చుంది. ఖైరున్నిసా ఆమే. తండ్రి లుంగీల వ్యాపారి కావడంతో, ఇంటికొచ్చే నేతగాళ్ల దగ్గర తెలుగు నేర్చింది. ధర్మశాస్త్రం చదివి ఆలిమా అయి, ఇరవై ఎనిమిదేళ్లుగా ఆడపిల్లలకు చెబుతోంది.

అతను అడిగింది విని ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

“దీనికా రెండేండ్లు ఏడ్చినాడు ఆ బిడ్డ? నమాజు వేళ కాగానే ఒకసారి వుజూ చేసుకోవాల తంబీ. ఆ వేళ దాటేదాకా సంచీలోకి ఎంత కారినా వుజూ పోదు. మళ్లా వేళకు మళ్లా చేసుకోవాల. అంతే. తన చేతిలో లేనిదానికి అల్లా ఇచ్చిన మన్నింపు అది.”

“ఇది మీ మాటా, పుస్తకంలో మాటా అమ్మా? నేను పోయి చెప్పాల గదా.”

ఆమె నవ్వి లోపలికెళ్లి, రెండు చేతులా పట్టుకొస్తే తప్ప రానంత లావు పుస్తకం తెచ్చింది. చకచకా తిప్పి ఒక పేజీ మీద వేలు పెట్టింది.

“ఇదో. యాడ ఉండాదో తెలుసా? ఆడవాళ్ల నెలసరి అధ్యాయం కడాన.”

ధనశేఖర్ నోరు తెరిచాడు. “మగోడి సంగతి ఆడ పెడితే యా మగోడు పోయి చూస్తాడమ్మా?”

“చూడడు. పాఠం చెప్పేవాళ్లు కూడా సిగ్గుపడి ఆ పేజీలు గబగబా తిప్పేస్తారు.” నవ్వుతూనే మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆ పేజీని ఇరవై ఎనిమిదిసార్లు పాఠం చెప్పింది. ఆడపిల్లలు కంఠతా పట్టి పరీక్షలు రాశారు. మూడు వీధుల అవతల మాత్రం ఒక మనిషి గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

ఆమె బురఖా సర్దుకొని లేచింది. “పద తంబీ. నేనే చెప్తా.”

ఆ సాయంత్రపు నమాజు వేళకు తస్నీమ్ బేసిన్ పట్టుకుంది. ఇనాయతుల్లా మంచం మీదే కూర్చొని ముఖం, చేతులు, కాళ్లు కడుక్కున్నాడు. ధనశేఖర్ మర్యాదకు వీధిలోకి తప్పుకున్నాడు. పావుగంట తర్వాత లోపలికి పిలిస్తే వెళ్లి చూశాడు. మూలనున్న కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు చింపి పడేసి ఉంది. ఇనాయతుల్లా కళ్లు ఎర్రగా ఉన్నా గొంతులో జీవం తిరిగొచ్చింది. “అన్నా, మంచం మీంచి దీంట్లోకి ఎట్ల దిగాలో ఇప్పుడు నేర్పు” అన్నాడు.

బయట ఖైరున్నిసా అడిగింది. “ఇట్లాంటోళ్లు ఇంకా ఎంతమంది ఉండారు?”

“మా లిస్టులో గుడియాత్తం, పేర్నంబట్టు, వేలూరు కలిపి మీవాళ్ల ఇండ్లు అరవై దాకా ఉండాయమ్మా.”

“పోయి అడుగు తంబీ. కాలు సంగతీ చెయ్యి సంగతీ కాదు. అడగడానికి సిగ్గుపడి మనసులో దాచుకున్నది ఏముందో అడుగు.”

అతను అడిగాడు. ఫోనులో రికార్డు చేసుకొని తెచ్చి వినిపించాడు. కుర్చీ చక్రాలకు బజారు బురద అంటుతుంది కదా, మసీదు చాప మీదికి రావచ్చా అని ఒకాయన. మాట రాని తన కూతురు నిఖాలో ‘ఒప్పుకున్నాను’ అని నోటితో చెప్పలేదు కదా, సైగ చేస్తే ఆ పెళ్లి చెల్లుతుందా అని ఒక తండ్రి. తల ఒకవైపే తిరిగే తమ్ముణ్ని మక్కా దిక్కుకు ఎలా తిప్పాలి అని ఒక అక్క. పేర్నంబట్టులో ఒక తల్లి, పాతికేళ్లొచ్చినా మూడేళ్ల పిల్లవాడి బుద్ధి దాటని కొడుకు రంజానులో ఉపవాసం ఉండలేకపోతున్నాడని, ఆ పాపం వాడికి చుట్టుకుంటుందని భయపడి వాణ్ని కొట్టేదాన్నని చెప్పింది. ఆ రికార్డు విన్నప్పుడు ఖైరున్నిసా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “వాడి పాపపుణ్యాల లెక్కే రాయరమ్మా, వాడు ఎప్పటికీ పసిబిడ్డే అని ఆమెకు ఒక్కరు చెప్పలేదా!” అంది. మరునాడే బస్సెక్కి ఆ తల్లి దగ్గరికి వెళ్లివచ్చింది.

ప్రశ్నలు నూట ఎనభై ఏడు తేలాయి. జవాబులన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, కానీ ఒకటి ఈ సంపుటంలో, ఒకటి ఆ సంపుటంలో. వాటిని వెలికితీసి వేటికవి అట్టల మీద రాయాలనుకున్నారు. లుంగీ మడతలో పెట్టే అట్టముక్కలు ఇనాయతుల్లాకు కొట్టంలో తెలిసినవాళ్లు ఇచ్చారు. అతను వాటిని ఒకే కొలతకు కోసి ముత్యాల్లాంటి ఉర్దూలో ఒక వైపు, తమిళంలో ఇంకో వైపు రాశాడు. ముగ్గురికీ తెలుగు మాట్లాడటం వచ్చు కానీ తెలుగు రాయడం ఒక్కరికీ రాదు. అందుకని తెలుగు జవాబులు ధనశేఖర్ ఫోనులో మాట్లాడి పెట్టాడు.

చిక్కంతా వాటిని ఏ వరసలో పేర్చాలన్న దగ్గర వచ్చింది. ఖైరున్నిసా తన చదువు ప్రకారం గుంపులు కట్టింది. పైన పేర్లు రాసింది. గుడ్డివారు, మూగవారు, కుంటివారు, పక్షవాతం వచ్చినవారు.

ధనశేఖర్ ఆ పేర్లు ఇనాయతుల్లా చేత చదివించుకొని తల అడ్డంగా ఊపాడు.

“ఇది వద్దమ్మా.”

“ఎందుకప్పా? పెద్దలు రాసిన వరస ఇదే.”

“నేను కుంటోణ్ని అని పేరు రాసిన డబ్బాలో చెయ్యి పెట్టి నేను వెతకనమ్మా. ఎవురూ వెతకరు. పొద్దున లేస్తే నాకు కుంటితనం గుర్తుకురాదు. ఎట్ల కడుక్కోవాల, ఎట్ల గడప దాటాల, అది గుర్తుకొస్తాది. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ నాకు అట్లే నేర్పింది. నిద్ర లేచిన కాడి నుంచి పడుకొనే దాకా, ఒక్కొక్క పని. ఈ అట్టలు కూడా అట్ల పెట్టండి.”

“మతం సంగతి ఆస్పత్రి కాగితం మాదిరి పెడతారా తంబీ?” ఆమెకు కోపం వచ్చింది. ఆ రోజు మాట అక్కడే తెగింది. ధనశేఖర్ స్కూటర్ మీద తొరపాడి చేరేదాకా తను హద్దు మీరానేమో అని మథనపడ్డాడు.

రెండు రోజుల తర్వాత ఆమే ఫోను చేసింది. “పొద్దున వుజూ చేసుకుంటా ఆలోచించినా. నమాజు కూడా వేళల మీదే గదా నడిచేది! నువ్వు చెప్పిందే సరి. రా.”

నిద్ర లేవడం, కడుక్కోవడం, బట్ట కట్టడం, గడప దాటడం, మసీదు మెట్టు, వరసలో నిలవడం, తినడం, ఉపవాసం, పెళ్లి మాట, రోగం ముదరడం. ఒక్కోదానికి ఒక రంగు, ఒక బొమ్మ. కొళాయి బొమ్మ ఉంటే కడుక్కోవడం. తలుపు బొమ్మ ఉంటే గడప దాటడం. జవాబు అడుగున ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదువుకున్నవాళ్లు సరిచూసుకోవడానికి. ప్రతి జవాబునూ ధనశేఖర్ ఆ కష్టం ఉన్న మనిషి దగ్గరికే తీసుకెళ్లి చేయించి చూశాడు. పొసగనివి వెనక్కి తెచ్చాడు. ఏడు నెలలు పట్టింది.

అట్టలన్నీ సర్దిన పెట్టెను లుంగీల బజారు వెనకున్న మసీదులో పెట్టమని, మెట్ల చోట కుర్చీలు ఎక్కే ఏటవాలు బాట కట్టమని అడగడానికి వెళితే ముతవల్లి హయాత్ బాషా ఒప్పుకోలేదు. మసీదు వ్యవహారాలు చూసే పెద్ద ఆయనే. చెడ్డవాడు కాదు, మొండివాడు.

“మన ధర్మం మనకు మోర్ధానా నాయుడు ఈ ధనశేఖర్ వచ్చి నేర్పాల్నా? దానికి తోడు ఒక ఆడమనిషి తీర్పు చెప్పేదా? వేలూరులో పెద్ద ముఫ్తీ గారి ముద్ర పడనీండి. పడితే ఈ మసీదు మెట్లు నా చేత్తో నేనే పగలగొడతా.”

“మాట మీద ఉండండి అయ్యా” అని ఖైరున్నిసా లేచింది. ధర్మసందేహాలు తీర్చే ముఫ్తీకి అట్టలన్నిటి నకలుతో ఉత్తరం రాసి తేదీ అడిగింది.

ఆ రోజు పొద్దున పదిగంటలకు హయాత్ బాషాతో కలిసి నలుగురూ వేలూరు చేరారు. ముఫ్తీ సభ మేడమీద. పద్దెనిమిది మెట్లు. పైనుంచి దిగివచ్చిన విద్యార్థులు ధనశేఖర్‌ను, ఇనాయతుల్లాను కుర్చీలతో సహా ఎత్తుకొని తీసుకెళతామన్నారు. హయాత్ బాషా కూడా “అదే మేలు, ఎక్కించండి” అన్నాడు.

ధనశేఖర్ చక్రాలు గట్టిగా పట్టుకున్నాడు. “వద్దప్పా. ఈ మెట్ల గురించి మాట్లాడే దానికే వచ్చినాము. మూటల మాదిరి పైకి పోయి ఏమి మాట్లాడేది?”

ఖైరున్నిసా ముందుకొచ్చి విద్యార్థులతో నెమ్మదిగా అంది. “పెద్దాయనతో నేను అడిగినానని చెప్పండి నాయనా. ఎక్కలేనివాళ్లు పైకి రావాల్నా, దిగగలిగినవాళ్లు కిందికి రావాల్నా? దీనికి జవాబు కూడా మా పెట్టెలో ఉండాది.”

విద్యార్థులు పైకెళ్లి ఆ మాట చెప్పారు. పైనుంచి పెద్ద నవ్వు వినిపించింది. డెబ్భై ఏళ్ల ముఫ్తీ గోడ పట్టుకొని ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. ఆయన వెనక ఏడుగురు పండితులు. కింది వసారాలో చాపలు పరిచారు.

పెట్టెలోంచి ఆయన కళ్లు మూసుకొని అట్టలు తీశాడు. తీసినవాటిని ఏడుగురికీ పంచాడు. వాళ్లు ప్రశ్నలు వేస్తుంటే ఖైరున్నిసా తెరచాటు లేకుండా, తడబాటు లేకుండా చెప్పుకుపోయింది. గంటన్నర గడిచింది. హయాత్ బాషా మొదట్లో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మెల్లగా ముందుకు జరిగాడు.

అప్పుడు ముఫ్తీ ధనశేఖర్ వైపు తిరిగి తమిళంలో అడిగాడు. “నీకు అరబ్బీ వచ్చా?”

“రాదయ్యా. ఉర్దూ చదవడమూ రాదు.”

“మంచిది. నా విద్యార్థులు ఐదుగురు ఉన్నారు. ఆరేళ్లుగా చదువుతున్నారు. పుస్తకాలన్నీ వాళ్ల ముందు పెట్టిస్తాను. నీ ముందు నీ పెట్టె. ఒకటే ప్రశ్న అడుగుతాను. ఎవరు ముందు తీస్తారో చూద్దాం.” పుస్తకాలు వచ్చాయి. ముఫ్తీ గొంతు సవరించుకున్నాడు. “రెండు చేతులూ చచ్చుబడిన మనిషి. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నీళ్లు పోసేవాళ్లు లేరు. నమాజు వేళ అయింది. ఏం చేయాలి?”

పేజీలు గలగలమన్నాయి. ధనశేఖర్ ఆ మనిషిని మనసులో నిలబెట్టుకున్నాడు. పొద్దున్నే లేచాడు. లేవడం అయింది. ఇప్పుడు కడుక్కోవాలి. కొళాయి బొమ్మ, ఆకుపచ్చ రంగు. అందులో చెయ్యి బొమ్మ ఉన్నవి ఆరు. ఆ ఆరింట్లో పక్కన ఎవరూ లేకుండా ఒంటరి మనిషి బొమ్మ ఉన్నది ఒకటే. దాన్ని లాగి ఇనాయతుల్లాకు ఇచ్చాడు.

ఇనాయతుల్లా ఉర్దూలో గట్టిగా చదివాడు. “మోచేతులు నేలకూ ముఖం గోడకూ రాసుకుంటే శుద్ధి అయినట్టే. నమాజు మాత్రం వదలకూడదు.” అడుగున ఉన్న సంపుటం పేరు, పేజీ అంకె కూడా చదివాడు.

విద్యార్థులు ఇంకా రెండో సంపుటంలోనే ఉన్నారు. వాళ్లలో ఒకడు అట్టలో చెప్పిన పేజీ తిప్పి, వేలు పెట్టి, తలెత్తి “ఉంది, ఇక్కడే ఉంది!” అని అరిచాడు. ఏడుగురు పండితులూ ఒక్కసారి నవ్వారు. ముఫ్తీ నవ్వలేదు. ఆయన ధనశేఖర్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ముందుగా పంపిన నకలు కూడా సరిచూసుకొని మధ్యాహ్నానికి తీర్పు చెప్పాడు. నూట ఎనభై మూడు సరిగ్గా ఉన్నాయి. మూడు చోట్ల మాట మార్చాలి. ఒక చోట తప్పు.

“చక్రాల సంగతి. మసీదులోకి వచ్చే ముందు మూడుసార్లు కడగాలని రాశారు. బజారు బురదను తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు, దానికి మన్నింపు ఉంది. కంటికి కనిపించే మలినం లేకపోతే తుడిస్తే చాలు. ధర్మం కంటే మీరు గట్టిగా పట్టారమ్మా.”

“తప్పు నాదే” అంది ఖైరున్నిసా. బురద చక్రాలతో వానలో వచ్చే వాళ్లందరూ ఆమెకు గుర్తొచ్చారేమో, తప్పు ఒప్పుకుంటూ అంతగా వెలిగిన ముఖాన్ని ధనశేఖర్ ఎన్నడూ చూడలేదు.

ముద్ర వేయబోతూ ముఫ్తీ ఆగాడు. “కూర్చినవాళ్ల పేరేది?”

పెట్టె మీద ఆడమనిషి పేరుంటే తగాదా పెరుగుతుందని ఖైరున్నిసా ముందే వద్దంది. ముఫ్తీ హయాత్ బాషా వైపు ఒకసారి చూసి, కలం తీసుకొని తనే రాశాడు. ఖైరున్నిసా ఆలిమా, ధనశేఖర్, ఇనాయతుల్లా. దాని కింద ముద్ర పడింది.

హయాత్ బాషా మాట తప్పలేదు. మరునాడే గడ్డపార పట్టి మసీదు మెట్ల మీద మొదటి పోటు తనే వేశాడు. ఆ స్థానంలో కట్టిన ఏటవాలు బాట చూడటానికి ధనశేఖర్ వచ్చి, కుర్చీ ఎక్కించి చూసి, “ఇది మేకలెక్కే గుట్ట మాదిరి ఉండాది సామీ. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాల” అన్నాడు. బాషా తిట్టుకుంటూ మేస్త్రీని పిలిచి అదీ పగలగొట్టించాడు. రెండోసారి కట్టింది సరిగ్గా కుదిరింది.

తర్వాతి శుక్రవారం షేర్ ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. పేర్నంబట్టు నుంచి, వేలూరు నుంచి ఇరవై ముగ్గురు వచ్చారు. కుర్చీల్లో కొందరు, చంకకర్రల మీద కొందరు, అక్క భుజం పట్టుకొని చూపులేని ఒక యువకుడు. చక్రాలు తుడవడానికి హయాత్ బాషా గుడ్డలు చేతికిచ్చి ఇద్దర్ని నిలబెట్టాడు. ఇమాము ప్రసంగంలో పెట్టెలోంచి నాలుగు అట్టలు చదివాడు. నెలసరి అధ్యాయంలో దాగిన మాట కూడా సిగ్గుపడకుండా చదివాడు. చూపులేని ఒక సహచరుణ్ని నమ్మి ప్రవక్త తాను ఊళ్లో లేనప్పుడు మదీనా పెత్తనమే అప్పగించి వెళ్లాడని గుర్తుచేశాడు. మైకులో ఆ మాటలు వీధంతా వినిపించాయి. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ల మధ్య నిలబడి ఖైరున్నిసా పెదవులు కదుపుతూ విన్నది.

ధనశేఖర్ గేటు బయట వేపచెట్టు నీడలో కుర్చీలో కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతోందో కనపడదు. మనుషులు ఒక్కసారిగా వంగి లేచే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఎవరైనా అడ్డుచెప్పారేమో, ఎవరి కుర్చీనైనా మూలకు తోశారేమో అని అతనికి అనుమానం పీకుతూనే ఉంది.

నమాజు ముగిసింది. జనం బయటికి రావడానికి ముందే గడప దగ్గర ఒక కుర్చీ కనిపించింది. తెల్ల టోపీ, కొత్త లుంగీ, ఇనాయతుల్లా. ఏటవాలు మీద ఎవరినీ పట్టుకోనివ్వకుండా, రెండు చక్రాలనూ అరచేతులతో అదుపు చేస్తూ జారుగా దిగివచ్చాడు.

“అన్నా!” అని కేక పెట్టాడు. “మొదటి వరస అన్నా! ఇమాము వెనకే! బాషా భాయ్ తన జాగా నాకు ఇచ్చినాడు!”

లోపలి నుంచి హయాత్ బాషా పరుగున వచ్చి, “మెల్లగా మాట్లాడప్పా, లోపల ఇంకా కొందరు విడిగా నమాజు చేస్తా ఉండారు” అని గదమాయించాడు.

ఇనాయతుల్లా సరేనని తలూపాడు. ధనశేఖర్ దగ్గరికి వచ్చి, కుర్చీకి కుర్చీ ఆనించి, అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, “మొదటి వరస” అని మళ్లీ అన్నాడు. ఈసారి కూడా ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది.